ఘన ఎలక్ట్రోలైట్ వాహకత: మీటరు చూపే ఓమ్‌లలో పదార్థం వాటా ఎంత?

2020లో ఎనిమిది పరిశోధన బృందాలు ఒకే సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్ (బ్యాటరీలో ద్రవానికి బదులు లిథియం అయాన్లను మోసే ఘన పదార్థం) పొడులను పంచుకుని, ఎవరి ల్యాబ్‌లో వాళ్లు అయాన్ వాహకత, అంటే అయాన్లు దాని గుండా ఎంత సులువుగా పోతాయో, కొలిచాయి. ఒక నమూనాకు వచ్చిన విలువలు సెంటీమీటరుకు 1.3 మిల్లీసీమెన్స్ నుంచి 5.8 దాకా చెదిరిపోయాయి. అంటే నాలుగు రెట్లకు పైగా తేడా. పొడి ఒక్కటే. మారినవల్లా బిళ్లను నొక్కిన తీరు, దానికి తగిలించిన లోహం, కొలిచేటప్పుడు ఉంచిన ఒత్తిడి, చివరికి గ్రాఫ్ చదివిన పద్ధతి.

ఘనస్థితి బ్యాటరీల పేపర్లలో వాహకత ఒంటరి అంకెగా కనిపిస్తుంది. పదార్థంతో పుట్టిన గుణం అన్నట్టు దాన్ని పట్టికల్లో ఎక్కిస్తారు. నిజానికి ఎవరూ వాహకతను నేరుగా కొలవరు. ఒక బిళ్ల, దాని రెండు వైపులా ఉన్న లోహం, తీగలు, క్లిప్పులు అన్నీ కలిసి చూపిన నిరోధాన్ని కొలుస్తారు. అందులో పదార్థానిది ఎంత, తక్కిన సరంజామాది ఎంత అని విడదీయడమే అసలు పని.

లెక్క వరకు చూస్తే సూత్రం చిన్నదే. బిళ్ల మందాన్ని, నిరోధం వైశాల్యాల లబ్ధంతో భాగించాలి. 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్లకు వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. మందం 1.2 మిల్లీమీటర్లు ఉండి, నిరోధం 306 ఓమ్‌లు వస్తే వాహకత సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్. లిథియం, లాంథనం, జిర్కోనియం కలిసిన గార్నెట్ ఆక్సైడ్ బాగా కుదిరితే గది ఉష్ణోగ్రతలో ఇచ్చే విలువ దాదాపు ఇదే. 2007లో ఈ గార్నెట్ తొలిసారి వెలుగులోకి వచ్చినప్పుడు 25 డిగ్రీల దగ్గర 0.3 వచ్చింది. 2011లో వచ్చిన జెర్మేనియం సల్ఫైడ్ రకం 12 చూపి, మామూలు లిథియం అయాన్ బ్యాటరీల్లోని ద్రవాల సరసన నిలిచింది. మరో కొసన, సన్నపొర బ్యాటరీల్లో వాడే లిథియం ఫాస్ఫరస్ ఆక్సినైట్రైడ్ విలువ 0.002 దగ్గరే ఉంటుంది. ఇన్ని వేల రెట్ల తేడా ఉన్న పదార్థాలన్నిటికీ ఒకే అమరిక, ఒకే సెట్టింగులు సరిపోతాయనుకుంటేనే మొదటి పొరపాటు జరుగుతుంది.

మల్టీమీటరు ఎందుకు పనికిరాదో ముందు తేల్చుకోవాలి. బిళ్లకు బంగారు పూత వేసి ఏకదిశ వోల్టేజీ ఇస్తే లిథియం అయాన్లు ఒక వైపుకు కదులుతాయి. కానీ బంగారం గుండా దాటి పోలేవు. గోడ దగ్గర పోగుపడతాయి, ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటు పడిపోతుంది. మీటరు మొదట కిలో ఓమ్‌లు చూపి, చూస్తుండగానే మెగా ఓమ్‌లకు పోతుంది. అందుకే ఏకాంతర వోల్టేజీ వాడతారు. అయాన్లు గోడ దగ్గర గుమిగూడేలోపే దిశ తిప్పేస్తే, అవి మధ్యలో ఊగుతూ పదార్థంలోని నిరోధాన్ని బయటపెడతాయి. ఫ్రీక్వెన్సీని మెగాహెర్ట్జ్ నుంచి హెర్ట్జ్ దాకా దించుతూ పోతే ఒక్కో ప్రక్రియ తన వేగాన్ని బట్టి విడివిడిగా కనబడుతుంది. జిర్కోనియా సెరామిక్‌లో రేణువు లోపలి నిరోధం, రేణువుల అంచుల నిరోధం, ఎలక్ట్రోడ్ నిరోధం ఇలా వేరుచేయవచ్చని బవుర్లే 1969లో చూపాడు. ఇప్పుడు అందరూ వాడే ఇంపీడెన్స్ స్పెక్ట్రోస్కోపీ (ఏకాంతర కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డంకిని ఫ్రీక్వెన్సీల వారీగా కొలవడం) పద్ధతి అదే.

బిళ్ల దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది

ఆక్సైడ్‌కూ సల్ఫైడ్‌కూ తయారీలో పోలిక లేదు. గార్నెట్ పొడిని డైలో (అచ్చులో) నొక్కి, 1100 నుంచి 1230 డిగ్రీల మధ్య కాల్చాలి. ఆ వేడికి లిథియం ఆవిరై పోతుంది కాబట్టి మొదటే 10 శాతం దాకా ఎక్కువ లిథియం కలుపుతారు, బిళ్లను అదే పొడిలో పాతిపెట్టి కాలుస్తారు. లిథియం తగ్గితే రేణువుల మధ్య వాహకత లేని వేరే దశలు పుడతాయి. అల్యూమినా మూస వాడితే దానిలోని అల్యూమినియం కొంత బిళ్లలోకి పాకుతుంది. వింతేమిటంటే గార్నెట్ విషయంలో ఈ మాలిన్యమే మేలు చేసింది. ఎక్కువ వాహకత ఉన్న ఘనాకార స్ఫటిక రూపాన్ని గది ఉష్ణోగ్రతలో నిలబెట్టేది చాలా సందర్భాల్లో ఆ అల్యూమినియమే అని తర్వాత తెలిసింది. అది లేకుంటే టెట్రాగోనల్ అనే మరో స్ఫటిక రూపానికి మారి, వాహకత వంద రెట్లకు పైగా పడిపోతుంది.

కాల్చాక సాంద్రత చూడకుండా ముందుకు పోకూడదు. పై కొలతల బిళ్లకు ఘనపరిమాణం 0.0942 ఘన సెంటీమీటర్లు. గార్నెట్ సిద్ధాంత సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.1 గ్రాములు. బిళ్ల 0.442 గ్రాములు తూగితే సాంద్రత 92 శాతం. 80 శాతం దగ్గర ఉన్న బిళ్ల మీద తీసిన విలువ పదార్థం గురించి కన్నా రంధ్రాల గురించే ఎక్కువ చెబుతుంది. తర్వాత రెండు ముఖాలను ఎమరీ పేపరు మీద 400 నుంచి 1200 నంబరు దాకా పొడిగా గానీ, నీరు లేని ద్రావణితో గానీ రుద్దాలి. నీళ్లు తగిలితే లిథియం స్థానంలో ప్రోటాన్ చేరుతుంది, పైన లిథియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అది కార్బొనేట్ పొరగా గట్టిపడుతుంది. రుద్దిన బిళ్లను ఒక రాత్రి బయట వదిలేసి మర్నాడు పూత వేస్తే, కొలిచే నిరోధంలో ఆ పొరది కూడా కలిసి వస్తుంది.

పూతకు బంగారం స్పట్టరింగ్ (వాక్యూమ్‌లో లోహాన్ని అణువులుగా చిమ్మించి పూయడం) నమ్మకమైన దారి, 50 నుంచి 200 నానోమీటర్ల మందం చాలు. అంచుల చుట్టూ ముసుగు కట్టకపోతే బంగారం పక్కగోడ మీదుగా పాకి రెండు ముఖాలను కలిపేస్తుంది. అప్పుడు ఆ బిళ్ల వాహకత అద్భుతంగా ఉన్నట్టు కనిపిస్తుంది! వెండి పేస్టు చవక, సులువు. కానీ రంధ్రాలున్న బిళ్లలో లోపలికి ఇంకి అసలు మందాన్ని తగ్గిస్తుంది. సల్ఫైడ్ల మీదకు దాన్ని రానివ్వకూడదు, వెండీ దాని ద్రావణీ రెండూ సల్ఫైడ్‌ను పాడుచేస్తాయి.

సల్ఫైడ్లను కాల్చకుండానే నొక్కి కొలవవచ్చు, మెత్తగా ఉండటం వాటి వరం. పీక్ (PEEK) అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం, రెండు స్టీలు కడ్డీలు, మధ్యలో పొడి, అంతే సెల్. ఆర్గైరోడైట్ అనే సల్ఫైడ్ పొడి 150 మిల్లీగ్రాములు వేస్తే 10 మిల్లీమీటర్ల డైలో దాదాపు 1.2 మిల్లీమీటర్ల బిళ్ల వస్తుంది. హైడ్రాలిక్ ప్రెస్ గేజు టన్నులు చూపుతుంది, పేపర్లు మెగాపాస్కల్స్‌లో మాట్లాడతాయి. ఈ వ్యాసానికి ఒక టన్ను అంటే 125 మెగాపాస్కల్స్ అని గుర్తు పెట్టుకుంటే చాలు. మూడు టన్నులకు 375 అవుతుంది, సల్ఫైడ్లకు అది మామూలు ఒత్తిడే. ఇదంతా గాలీ తేమా చొరబడని గ్లోవ్ బాక్సులోనే జరగాలి. తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది విషవాయువు, పైగా అది పుట్టిందంటే పొడి అప్పటికే మారిపోయిందని అర్థం.

ఇక్కడ చాలామంది దాటేసే ఒక సంగతి ఉంది. 375 దగ్గర నొక్కి, ఒత్తిడి తీసేసి, ఏమీ బిగించకుండా కొలిస్తే వచ్చే విలువా, 50 మెగాపాస్కల్స్ కింద బిగించి ఉంచి కొలిచిన విలువా ఒకటి కావు. ఒత్తిడి తీయగానే బిళ్ల కొద్దిగా ఉబ్బుతుంది, రేణువుల మధ్య సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి, కడ్డీకీ బిళ్లకూ మధ్య సందు పడుతుంది. కాబట్టి రాసేటప్పుడు రెండు ఒత్తిళ్లూ రాయాలి: తయారీలో ఎంత, కొలిచేటప్పుడు ఎంత. మందం కూడా ఒత్తిడి కిందే తెలియాలి. ఖాళీ సెల్‌లో కడ్డీల మొత్తం పొడవును ముందే కొలిచి, పొడి వేసి బిగించాక మళ్లీ కొలిచి తీసివేస్తే సరిపోతుంది. 0.8 మిల్లీమీటర్ల బిళ్లలో 0.02 తప్పు పోతే వాహకతలో రెండున్నర శాతం పోయినట్టే.

కనిపించని అర్ధవృత్తం

ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంపీడెన్స్‌లోని నిరోధ భాగాన్ని అడ్డ అక్షం మీద, కెపాసిటర్ లాంటి భాగాన్ని నిలువు అక్షం మీద పెట్టి గీసేది నైక్విస్ట్ గ్రాఫ్. పాఠ్యపుస్తకంలో అది ముచ్చటగా ఉంటుంది. ఎడమన రేణువు లోపలి భాగానికి ఒక అర్ధవృత్తం, దాని పక్కన రేణువుల అంచులకు ఇంకొకటి, ఆ తర్వాత ఎలక్ట్రోడ్ దగ్గర అయాన్లు ఆగిపోయినందుకు పైకి లేచే గీత. మంచి ఎలక్ట్రోలైట్‌ను గది ఉష్ణోగ్రతలో కొలిస్తే ఆ గీత తప్ప తరచు ఇంకేమీ కనబడదు. కొత్తవాళ్లు పరికరం చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు.

లెక్క వేసి చూడవచ్చు. అర్ధవృత్తపు శిఖరం ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంటుందో వాహకత, డైఎలక్ట్రిక్ స్థిరాంకం (పదార్థం ఆవేశాన్ని నిల్వ చేసుకోగల గుణానికి కొలత) రెండే నిర్ణయిస్తాయి. బిళ్ల మందానికీ వెడల్పుకూ అందులో పాత్ర లేదు. డైఎలక్ట్రిక్ స్థిరాంకం 50 అనుకుంటే, 0.5 మిల్లీసీమెన్స్ పదార్థానికి శిఖరం దాదాపు 18 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. ల్యాబుల్లో ఎక్కువగా ఉండే పొటెన్షియోస్టాట్ (వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పరికరం) 1 మెగాహెర్ట్జ్ దాకానే వెళ్తుంది, కొన్ని 7 దాకా. అంటే పరికరం తొలి చుక్క పెట్టేసరికే అర్ధవృత్తం ముగిసిపోయింది. బిళ్లను పలచన చేసినా, పెద్దది చేసినా ఈ సంగతి మారదు.

అలాంటప్పుడు గీత అడ్డ అక్షాన్ని తాకే చోట చదివేది మొత్తం నిరోధం మాత్రమే. రేణువు లోపలిదీ అంచులదీ కలిసి అందులో ఉంటాయి. దాన్ని మొత్తం వాహకత అని రాస్తే తప్పులేదు. రేణువు లోపలి వాహకత అని రాస్తే మాత్రం తప్పు, పేపర్లలో ఈ తప్పు అరుదేమీ కాదు. విడదీయాలంటే రెండు దారులు: వందల మెగాహెర్ట్జ్ దాకా వెళ్లే ఇంపీడెన్స్ ఎనలైజరు, లేదా బిళ్లను చల్లబరచడం. ఉత్తేజన శక్తి (అయాన్ ఒక చోటు నుంచి పక్క చోటుకు దూకడానికి కావాల్సిన శక్తి) 0.35 ఎలక్ట్రాన్ వోల్టులైతే పై బిళ్ల శిఖరం 1 మెగాహెర్ట్జ్‌కు దిగడానికి మైనస్ 27 డిగ్రీల దాకా చల్లబరచాలి. శిఖరం రెండు వైపులా చక్కగా కనబడాలంటే 0.1 మెగాహెర్ట్జ్‌కు తేవాలి, అందుకు మైనస్ 57 దాకా పోవాలి. మంచు పేరుకోకుండా సెల్‌ను మూసి ఉంచడం అక్కడ పెద్ద తలనొప్పి.

అర్ధవృత్తం కనబడ్డాక అది ఎవరిదో తేల్చేది దాని కెపాసిటెన్స్. రేణువు లోపలి భాగానికి పికోఫారడ్‌ల నుంచి కొన్ని పదుల పికోఫారడ్‌ల దాకా, రేణువుల అంచులకు పదుల పికోఫారడ్‌ల నుంచి పది నానోఫారడ్‌ల దాకా, ఎలక్ట్రోడ్ ముఖానికి 0.1 నుంచి 10 మైక్రోఫారడ్‌ల దాకా ఉంటుంది. 18 మెగాహెర్ట్జ్ లెక్కలోని బిళ్లకే చూస్తే లోపలి కెపాసిటెన్స్ 29 పికోఫారడ్‌లు. నిజమైన బిళ్లల్లో అర్ధవృత్తం గుండ్రంగా రాదు, నొక్కినట్టు కుంగి ఉంటుంది. అందుకే సర్క్యూట్ నమూనాలో కెపాసిటర్‌కు బదులు స్థిర ఫేజ్ మూలకం పెడతారు. దానికి క్యూ, ఎన్ అని రెండు సంఖ్యలుంటాయి; ఎన్ 1 అయితే అది మామూలు కెపాసిటరే. చాలామంది ఆ క్యూనే కెపాసిటెన్స్ అనుకుని పట్టికలో రాసేస్తారు. మార్పిడి ఇలా చేయాలి: నిరోధాన్నీ క్యూనీ గుణించి, ఆ లబ్ధాన్ని 1/ఎన్ ఘాతానికి ఎత్తి, నిరోధంతో భాగించాలి. ఉదాహరణకు నిరోధం 200 ఓమ్‌లు, క్యూ 10⁻⁸, ఎన్ 0.85 అనుకుందాం. క్యూను అలాగే తీసుకుంటే 10 నానోఫారడ్‌లనిపిస్తుంది. మార్పిడి చేస్తే వచ్చేది 1 నానోఫారడ్. పది రెట్ల తేడా. 1 నానోఫారడ్ అంటే నిస్సందేహంగా రేణువుల అంచులది. 10 దగ్గరైతే అది పై కార్బొనేట్ పొరదా అన్న అనుమానం మొదలయ్యేది.

రేణువుల అంచుల వాహకతను బిళ్ల మొత్తం మందంతో లెక్కగట్టడం ఇంకో ఉచ్చు. అంచులు నానోమీటర్ల మందమే కాబట్టి అలా వచ్చింది పైకి కనిపించే విలువ మాత్రమే. అసలు విలువ కావాలంటే లోపలి కెపాసిటెన్స్‌కూ అంచుల కెపాసిటెన్స్‌కూ ఉన్న నిష్పత్తితో దాన్ని గుణించాలి.

నిరోధం తక్కువున్న సల్ఫైడ్ బిళ్లలతో ఇబ్బంది వేరే వైపు నుంచి వస్తుంది. 3 మిల్లీసీమెన్స్ పదార్థం 0.8 మిల్లీమీటర్ల మందంలో చూపేది 34 ఓమ్‌లే. క్లిప్పులూ తీగలూ కలిసి 2 ఓమ్‌లు చేరిస్తే 6 శాతం తప్పు. విడివిడిగా వేలాడే తీగల జంటకు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటే 1 మెగాహెర్ట్జ్ దగ్గర 6.3 ఓమ్‌లు అదనం. గ్రాఫ్‌లో చుక్కలు అక్షం కిందికి జారిపోవడం దాని ఆనవాలు. ఆ తోక మిగిలిన చిన్న అర్ధవృత్తాన్ని మింగేసి, అక్షాన్ని తాకే చోటును జరుపుతుంది. మందు సులువే: తీగలు పొట్టిగా ఉంచి మెలివేయాలి, నాలుగు తీగలను సెల్ దాకా తీసుకెళ్లి అక్కడే కలపాలి, పొడి వేయకముందు కడ్డీలు రెండూ తాకించి అదే ఫ్రీక్వెన్సీల్లో ఒకసారి కొలిచి ఆ విలువలను తీసివేయాలి. అయాన్లను ఆపే ఎలక్ట్రోడ్లతో 10 నుంచి 50 మిల్లీవోల్టుల వోల్టేజీ ఇవ్వవచ్చు, లిథియం లోహంతో అయితే 10 దాటకుండా ఉండటం మేలు. ఫ్రీక్వెన్సీ పది రెట్లు మారే ఒక్కో మెట్టుకు పది చుక్కలు చాలు. 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర చుక్కలు గంతులేస్తుంటే అది పదార్థం గొడవ కాదు, గోడలోని కరెంటుది. సెల్‌ను లోహపు పెట్టెలో మూసి ఎర్త్ చేయాలి.

ఒక బిళ్ల చాలదు

కడ్డీకీ బిళ్లకూ మధ్య ఉన్న నిరోధాన్ని ఒకే కొలతతో పట్టుకోలేం. మూడు మందాల్లో బిళ్లలు చేసి నిరోధాన్ని మందానికి ఎదురుగా గీస్తే పట్టుబడుతుంది. 0.6, 1.2, 1.8 మిల్లీమీటర్ల బిళ్లలకు 33.5, 59, 84.5 ఓమ్‌లు వచ్చాయనుకుందాం. గీత వాలు మిల్లీమీటరుకు 42.5 ఓమ్‌లు, దాని నుంచి వాహకత 3 మిల్లీసీమెన్స్. గీతను సున్నా మందం దాకా పొడిగిస్తే 8 ఓమ్‌లు మిగులుతాయి. ఆ 8 తాకిడి చోట్లది. 0.6 బిళ్ల ఒక్కటే కొలిచి ఊరుకుంటే 2.3 మాత్రమే వచ్చేది, దాదాపు పావు వంతు తక్కువ. పలచటి బిళ్లే మంచిదనుకునేవాళ్లకు ఇది అర్థం కావాలి. అయితే డై గోడ రాపిడి వల్ల మందపు బిళ్ల మధ్యలో సరిగా బిగుసుకోదు. సాంద్రత మూడింటికీ ఒకటే ఉందని తూచి చూశాకే గీత గీయాలి. తాకిడి నిరోధం ఎక్కువగా ఉంటే కడ్డీకీ బిళ్లకూ మధ్య ఇండియం రేకు గానీ, కార్బన్ పూసిన అల్యూమినియం రేకు గానీ పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఉష్ణోగ్రత సంగతి తేలికగా కనిపిస్తుంది కానీ అక్కడా జారుడు మెట్లున్నాయి. 0.35 ఎలక్ట్రాన్ వోల్టుల పదార్థానికి గది ఉష్ణోగ్రత దగ్గర ఒక డిగ్రీ తేడాకు వాహకత 4 శాతం మారుతుంది. ఓవెన్ మీద ఉన్న అంకెను నమ్మితే మూడు డిగ్రీల తప్పు ఇట్టే వచ్చేస్తుంది. థర్మోకపుల్ సెల్‌ను ఆనుకుని ఉండాలి. ప్రతి మెట్టు దగ్గర అరగంట నుంచి గంట ఆగి, పది నిమిషాల తేడాతో రెండు స్పెక్ట్రాలు తీసి అవి ఒకదాని మీద ఒకటి పడితేనే తర్వాతి మెట్టుకు పోవాలి. వేడి చేస్తూ ఒకసారి, చల్లారుస్తూ ఒకసారి కొలవాలి. రెండూ కలవకపోతే వేడికి బిళ్ల మారిందన్నమాట. వాహకతను కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి, దాని సహజ లాగరిథమ్‌ను 1000/ఉష్ణోగ్రతకు ఎదురుగా గీస్తే, వాలును 0.0862తో గుణించగా ఉత్తేజన శక్తి వస్తుంది. వాలు మైనస్ 3.9 అయితే 0.34 ఎలక్ట్రాన్ వోల్టులు. పది ఆధారపు లాగరిథమ్ వాడితే గుణకం 0.198. ఈ రెండింటినీ కలగలిపిన పట్టికలు కనబడుతూనే ఉంటాయి.

పాలిమర్ ఎలక్ట్రోలైట్లకు ఆ తిన్నని గీత రాదు, వంపు వస్తుంది. పాలిఇథిలీన్ ఆక్సైడ్ 60, 65 డిగ్రీల దగ్గర కరగడంతో అక్కడ ఒక మలుపు కూడా ఉంటుంది. వేడికి పొర మెత్తబడి మందం తగ్గుతుంది కాబట్టి చుట్టూ తెలిసిన మందం ఉన్న టెఫ్లాన్ వలయం పెట్టాలి. పొర పోయడానికి వాడిన అసిటోనైట్రైల్ పూర్తిగా ఆరకపోతే వాహకత బాగా పెరిగినట్టు కనిపిస్తుంది. నమూనాను వాక్యూమ్‌లో ఆరబెట్టి, మళ్లీ కొలిచి, విలువ నిలకడగా ఉందో లేదో చూడాలి.

ఎలక్ట్రాన్ల వాటా

ఇంపీడెన్స్ ఇచ్చే విలువలో అయాన్లతో పాటు ఎలక్ట్రాన్లు మోసుకెళ్లేది కూడా ఉంటుంది. ఎలక్ట్రోలైట్ గుండా ఎలక్ట్రాన్లు కారితే బ్యాటరీ వాడకుండానే ఖాళీ అవుతుంది. గార్నెట్లలో లిథియం లోహపు తీగలు బిళ్ల లోపలే మొలవడానికి ఈ కారుడు ఒక కారణమన్న వాదనా ఉంది. దీన్ని విడిగా కొలవడానికి, మొదట పనికిరాదన్న ఏకదిశ పద్ధతే పనికొస్తుంది. బంగారు ఎలక్ట్రోడ్లతో 0.5 వోల్టులు ఇచ్చి వదిలేయాలి. అయాన్లు గోడల దగ్గర ఆగిపోయాక మిగిలే కరెంటు ఎలక్ట్రాన్లదే. 1.2 మిల్లీమీటర్ల బిళ్లలో అది 6 నానోఆంపియర్ల దగ్గర నిలిస్తే ఎలక్ట్రాన్ వాహకత సెంటీమీటరుకు 1.8 × 10⁻⁹ సీమెన్స్, అయాన్ వాహకతలో లక్షో వంతు కంటే తక్కువ.

ఇక్కడ తప్పు ఎప్పుడూ ఒక వైపే పోతుంది. పది నిమిషాలకే కరెంటు నిలిచినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే గ్రాఫ్‌లో నిలువు అక్షం మైక్రోఆంపియర్లలో ఉంది. అదే డేటాను లాగరిథమ్ అక్షం మీద గీస్తే కరెంటు ఇంకా దిగుతూనే ఉంటుంది. గంటలు, ఒక్కోసారి రాత్రంతా ఆగాలి. తర్వాత 0.2, 0.3, 0.4 వోల్టుల దగ్గర కూడా అలాగే ఆగి కొలిచి, కరెంటు వోల్టేజీతో పాటు తిన్నగా పెరుగుతోందో లేదో చూడాలి. సున్నా వోల్టుల దగ్గర గీత సున్నా కరెంటు గుండా పోకపోతే, అక్కడ మిగిలింది ఎలక్ట్రాన్ల కారుడు కాదు, కేబుల్ ఇన్సులేషన్ గుండా పోయేదో, పరికరం తన సొంత ఆఫ్‌సెట్టో అయి ఉంటుంది. బిళ్ల తీసేసి ఖాళీ సెల్‌తో అదే ప్రయోగం ఒక రాత్రి నడిపితే అది ఎంతో తెలుస్తుంది.